దెయ్యాల వేషాల ప్రదర్శనకి వచ్చేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

పాలకొల్లులో సినిమాల, నాటకాల దెయ్యాలు, మాంత్రికులు, రాక్షసుల వేషాలతో పాటు వాటితో వచ్చిన వింత సామాను చూపించే ప్రదర్శనలో నేను వాలంటీరుని. ఫోన్‌లోనూ గుమ్మం దగ్గరా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. దేనికదే విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## బయల్దేరే ముందు

లోపల ఏముంటాయండి? భూత్ బంగళాలాగా మీదకి దూకుతాయా?

లేదండి. తిరునాళ్ళలో పెట్టే భూత్ బంగళా వేరు, ఇది వేరు. ఇక్కడ ఏదీ కదలదు, ఎవరూ వెనక నుంచి అరవరు. మాంత్రికుడి అంగీలు, రాక్షసుల కిరీటాలు, భుజకీర్తులు, దెయ్యం చీరలు, విగ్గులు, కోరలు, రబ్బరు మాస్కులు, గదలు, మంత్రదండాలు, పిడిలోకి జారిపోయే కత్తులు, పాత సినిమాల పాటల పుస్తకాలు, కొన్ని తోలుబొమ్మలు ఉంటాయి. భయం ఎలా తయారయ్యేదో దగ్గర నుంచి చూడటానికి పెట్టినవివి. నింపాదిగా చూస్తే గంటన్నర పడుతుంది.

ఇలాంటివి మద్రాసులోనో హైదరాబాదులోనో ఉండాలి గానీ, ఇక్కడెందుకు?

ఇక్కడే ఉండాలని నా గట్టి నమ్మకం. సినిమా రాకముందు నుంచే డెల్టా ఊళ్ళలో నాటకాలు ఆడేవారు, వాటికి డ్రస్సులు కుట్టేవారు, అద్దెకిచ్చేవారు, రంగులు వేసేవారు ఉన్నారు. ఆంధ్ర ప్రాంతంలో మొదటి సినిమా స్టూడియో దుర్గా సినీటోన్ 1936లో రాజమండ్రిలో వెలిసింది. నిడమర్తి సూరయ్య గారు పెట్టారు. తర్వాత తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే సాగినా, గోదావరి జిల్లాల నటులూ పనివాళ్ళూ ఆ దారినే వెళ్ళారు. అల్లు రామలింగయ్య గారు, దాసరి నారాయణరావు గారు, కోడి రామకృష్ణ గారు ముగ్గురిదీ పాలకొల్లే. తెర మీద మనల్ని వణికించిన వేషాలకి మూలం ఊళ్ళో వేసిన నాటకాల పెట్టెలోనే ఉంది. ఆ పెట్టెలు ఇంకా కొన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయి.

మా బుడ్డోడికి ఆరేళ్ళండి. తీసుకురావచ్చా?

తీసుకురండి. కానీ చెప్పకుండా తీసుకురాకండి. ఇంటి దగ్గరే "అవి ఉత్త బట్టలు, మనుషులు తొడుక్కున్నవి, విప్పేశాక ఇక్కడ తగిలించారు" అని ఒకసారి చెప్పండి. లోపల ఒక చీకటి గది ఉంది, అందులో అస్థిపంజరం తమాషా చూపిస్తాం. చిన్నపిల్లలకి ఆ గది చివర్లో చూపించడం మేలు, వద్దంటే వదిలెయ్యండి. పిల్లాడు ఏడుస్తుంటే "ఏం కాదు చూడరా" అని బలవంతాన నిలబెట్టకండి. బయట అరుగు మీద కాసేపు కూర్చుని, మళ్ళీ వస్తానంటే రండి. అదే టికెట్‌తో లోపలికి పంపిస్తాం.

మా అమ్మాయికి ఆరో నెల. పెద్దవాళ్ళు వద్దంటున్నారు, ఏమంటారు?

చూసినందువల్ల కడుపులో బిడ్డకి ఏమీ కాదు. అయితే గదుల్లో వెలుతురు తక్కువ, రెండు చోట్ల గడపలు దాటాలి, ఎక్కువసేపు నిలబడాలి. అందుకని ఒక కుర్చీ మీ వెంటే జరుపుతూ ఒక మనిషి ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టి రావలసిన అవసరం లేదు. పురుడు పోసుకున్నాక కూడా చూడవచ్చు.

ఫిట్స్ ఉన్నవాళ్ళు రావచ్చా?

రావచ్చు, చీకటి గదిలోకి మాత్రం వెళ్ళకండి. అక్కడ ఒక దీపం ఆగి ఆగి వెలుగుతుంది. టికెట్ తీసుకునేటప్పుడే చెబితే ఆ గది పక్క నుంచి వేరే దారి చూపిస్తాం.

మాలలో ఉన్నామండి. లోపల అంటూ ముట్టూ ఏమైనా ఉందా?

ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నిర్ణయం మీది. కొన్ని విగ్గులు మనిషి జుట్టుతో చేసినవి. తోలుబొమ్మలు మేకతోలువి. అవన్నీ అద్దాల వెనకే ఉంటాయి, తాకే పని రాదు. వీటి సంగతి గుమ్మం దగ్గర బోర్డు మీద కూడా రాశాం.

ఆ డ్రస్సుల్లో ఏదైనా గాలి ఉంటుందేమో, ఇంటికి వచ్చేస్తుందేమో అని మా అత్తగారి భయం.

ఆవిడని కూడా తీసుకురండి. ఈ డ్రస్సులు తొడుక్కున్నది నటులు. మేకప్ పెట్టెకి దండం పెట్టుకుని, ముఖానికి రంగు పూసుకుని, రాత్రంతా పద్యాలు పాడి, తెల్లారి కొబ్బరినూనెతో ఆ రంగు తుడుచుకుని ఇంటికి వెళ్ళి పడుకున్నవాళ్ళు. వాళ్ళ చెమట మరకలు అంగీ లోపల ఇంకా కనిపిస్తాయి. ఆ మరకల దగ్గర ఆవిణ్ణి కాసేపు నిలబెట్టండి. ఒక మనిషి కష్టం తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

కోనసీమ నుంచి ఎలా రావాలి?

రాజోలు వైపు వాళ్ళు దిండి దగ్గర చించినాడ వంతెన దాటితే పాలకొల్లు దగ్గరే. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు వాళ్ళు పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద నరసాపురం వచ్చి అక్కడ బస్సో ఆటోనో ఎక్కవచ్చు. గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు ఆపేస్తారు, ఆ రోజుల్లో కనుక్కుని బయల్దేరండి. రైలుకైతే భీమవరం-నరసాపురం లైన్లో పాలకొల్లు స్టేషన్ ఉంది.

వాన రోజు రావచ్చా?

రావచ్చు. తడి గొడుగులు, రెయిన్‌కోట్లు, తడిసిన సంచులు మాత్రం వరండాలోనే వదిలేయాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు. వానాకాలంలో మన డెల్టాలో గాలిలో తేమ 80 శాతం దాటే రోజులు చాలా ఉంటాయి. పాత బట్టకి 50 శాతం దగ్గర్లో ఉంటే మంచిది. ఒక్కో తడి గొడుగూ గదిలో ఆ తేమని ఇంకాస్త పెంచుతుంది, తేమ ఎక్కితే జరీ నల్లబడుతుంది, బట్టకి బూజు పడుతుంది.

## లోపలికి వచ్చాక

ఇవి నిజంగా సినిమాల్లో వాడినవేనా, నకళ్ళా?

మూడు రకాలు ఉన్నాయి, ప్రతి దాని పక్కనా ఉన్న కార్డు మీద ఏ రకమో స్పష్టంగా రాశాం. "తెర మీద వాడినది" అని ఉంటే అది షూటింగుకి వెళ్ళి వచ్చిన వస్తువు. ఇవి తక్కువ. "నాటక వేషం" అని ఉంటే డెల్టా ఊళ్ళలో స్టేజీ మీద వేసింది. ఎక్కువ ఇవే. "నకలు" అంటే ఫొటోలు చూసి ఇప్పుడు కుట్టించింది. విదేశీ సినిమాలకి సంబంధించినవన్నీ నకళ్ళే. నకలుని అసలని చెప్పి టికెట్ అమ్మడం మాకు ఇష్టం లేదు.

పాతాళభైరవి మాంత్రికుడి డ్రస్సు ఉందని విన్నాం. నిజంగా ఎస్వీ రంగారావు గారు వేసుకున్నదేనా?

కాదండి. అది నకలు, కార్డు మీద కూడా అలాగే ఉంటుంది. 1951 నాటి ఆ సినిమా స్టిల్స్ ముందు పెట్టుకుని, నాటకాల డ్రస్సులు కుట్టే చేతులే కుట్టాయి. అయితే ఆ నకలు దగ్గర ఆగండి, ఒక విషయం ఉంది. సినిమా నలుపు-తెలుపు. ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ, ఊదా అన్నీ తెర మీద ఇంచుమించు ఒకే నీడగా పడతాయి. కాబట్టి అసలు అంగీ ఏ రంగో స్టిల్ చూసి చెప్పలేం. కుట్టిన ఆయన ముదురు మెరూన్ ఎంచుకున్నారు. అదే బట్టని ఫోన్‌లో నలుపు-తెలుపు మోడ్ పెట్టి చూడండి, మీకు గుర్తున్న మాంత్రికుడు ఎదురుగా నిలబడతాడు.

లైట్లు ఇంత మసగ్గా పెట్టింది భయపెట్టడానికా?

కాదు, బట్టని కాపాడటానికి. వెలుతురు రంగుని తినేస్తుంది, పోయిన రంగు తిరిగి రాదు. పాత బట్టల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దాటకూడదని మ్యూజియంల వాళ్ళు పాటించే లెక్క. ఇంట్లో చదువుకునే బల్ల మీద దీపం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. లోపలికి వచ్చాక రెండు నిమిషాలు ఊరికే నిలబడితే కళ్ళు అలవాటు పడతాయి, అప్పుడు కుట్లు కూడా కనిపిస్తాయి.

ఫొటోలు, రీల్స్ తీసుకోవచ్చా?

ఫ్లాష్ ఆపేసి తీసుకోండి. రీల్స్ కోసం పాటలు గట్టిగా పెట్టకండి. బొమ్మ గీసుకోవాలనుకునే పిల్లలు పెన్సిల్ తెచ్చుకోవాలి. పెన్నులు, స్కెచ్‌లు లోపలికి పంపించం.

ఒక్కసారి ముట్టుకుని చూస్తే ఏమవుతుంది?

ఒక్కరైతే ఏమీ కాకపోవచ్చు. రోజంతా వచ్చే అందరి వేళ్ళ చమురూ చేరితే జరీ నల్లబడుతుంది. రబ్బరు మాస్కుల సంగతి ఇంకా కష్టం. చెట్టుపాలతో చేసిన రబ్బరు గాలికి, వేడికి, వెలుతురుకి దానంతటదే పాడవుతుంది. ముందు జిగురెక్కుతుంది, తర్వాత గట్టిపడి పెళుసవుతుంది, ఆఖరికి పెచ్చులూడుతుంది. మా దగ్గర ఒక రాక్షస మాస్కు చెంప అలా ఊడింది. ఊడిన పెచ్చుని పక్కనే చిన్న డబ్బాలో పెట్టాం. తాకి చూడాలనుకునేవాళ్ళ కోసం గుమ్మం పక్కన కొత్త జరీ ముక్క, కొత్త రబ్బరు కోర, విగ్గు జుట్టు ఒక బల్ల మీద ఉంచాం. వాటిని ఎంతసేపైనా పట్టుకోండి.

ఆ పుర్రెలు నిజమైనవా?

కావు. కొన్ని సున్నపు పోతవి, కొన్ని కాగితం గుజ్జువి. ఒకదాని అడుగుభాగం పైకి కనిపించేలా తిప్పి పెట్టాం, అందులో అతికిన పాత పేపర్ అక్షరాలు చదవవచ్చు.

## చూస్తున్నప్పుడు వచ్చే సందేహాలు

రాక్షసుడి డ్రస్సు ముందువైపు అంత ధగధగలాడుతుంటే వెనక ఉత్త గోనెగుడ్డలా ఉందేంటి?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళని చూస్తే నాకు సంతోషం. ఎందుకంటే ఆ అంగీని వెనక నుంచి కూడా కనిపించేలా అద్దాల పెట్టె మధ్యలో పెట్టించడానికి నేను పట్టుబట్టాను.

స్టేజీ మీద రాక్షసుడు జనానికి వీపు చూపించడు. కాబట్టి ఉన్న జరీ, చమ్కీలు, అద్దాలు అన్నీ ఛాతీ మీదికి, భుజాల మీదికి వచ్చాయి. వెనకంతా గట్టి ముతక గుడ్డ. దగ్గరికి వెళ్ళి చూస్తే గుండీలు కూడా ఉండవు, అన్నీ నాడాలు, కొక్కేలు. ఒకే నటుడు ఒక సీనులో రాక్షసుడు, తర్వాతి సీనులో మునీశ్వరుడు కావాలి. మధ్యలో హార్మోనియం ఒక పద్యం వాయించేంత సేపే ఉంటుంది. నాడా లాగితే అంగీ మొత్తం ఊడి రావాలి. చంకల దగ్గర గమనించండి, వేరే రంగు దారంతో నాలుగు వరసల కుట్లు ఉన్నాయి. సన్నటి మనిషి వేసినప్పుడు బిగించి, లావాటి మనిషి వేసినప్పుడు వదిలి, మళ్ళీ బిగించి కుట్టినవి. కాలర్ లోపల చెరిగిపోని సిరాతో పాత్ర పేరు, దాని పక్కన పెట్టె నంబరు ఉన్నాయి. నటుడి పేరు లేదు. చాలా డ్రస్సులకి అంతే. కుట్టిన దర్జీ పేరు ఒక్కదానికీ లేదు, నాకు బాధ కలిగించేది అదే.

కిరీటాలు కూడా అంతే. అట్ట మీద గుడ్డ, గుడ్డ మీద బంగారు రంగు రేకు, అద్దం ముక్కలు. తెర మీద మోయలేనంత బరువుగా కనిపించేది నిజానికి రెండు వేళ్ళతో ఎత్తవచ్చు.

అస్థిపంజరాలు నడిచేవి కదా పాత సినిమాల్లో, గ్రాఫిక్స్ లేకుండా ఎలా చేశారు?

నల్ల బట్ట, తెల్ల రంగు, కొంచెం తెలివి. ఒంటికి అతుక్కునే నల్ల డ్రస్సు మీద ఎముకలు తెల్లగా గీస్తారు. వెనక నల్ల తెర కడతారు. వెలుతురు సరిగ్గా వేస్తే మనిషి కనపడడు, ఎముకలే నడుస్తాయి. సినిమాలో ఇంకో అడుగు వేశారు. నల్ల తెర ముందు తీసిన ఫిల్ముని వెనక్కి చుట్టి, అదే ఫిల్ము మీద ఈసారి హీరోని తీస్తారు. నల్లగా ఉన్నచోట ఫిల్ము మీద ఏమీ పడలేదు కాబట్టి రెండోసారి తీసింది అక్కడ చేరుతుంది. అస్థిపంజరం, హీరో ఒకే ఫ్రేములో కత్తియుద్ధం చేస్తారు. విఠలాచార్య గారి జానపదాలు తక్కువ ఖర్చుతో జనాన్ని ఊపేసింది ఇలాంటి కెమెరా ఉపాయాలతోనే. మా చీకటి గదిలో చూపించేది మొదటి ఉపాయమే. దీపం వెలిగినప్పుడు లోపల ఉన్న మనిషి కూడా కనపడతాడు, పిల్లలు చప్పట్లు కొట్టేది అప్పుడే.

ఆడదెయ్యాలకి ఎప్పుడూ తెల్లచీరే ఎందుకు?

ఒక కారణం కెమెరా. రాత్రి సీనులో, నలుపు-తెలుపు ఫిల్ము మీద, ఉన్న కాస్త వెలుతురునీ పట్టుకునేది తెలుపే. అయితే మరీ మల్లెపూవు తెలుపు తెర మీద కళ్ళు చెదిరేలా మెరుస్తుంది. అందుకని చీరని లేత పసుపులోనో నీలంలోనో కాస్త ముంచి తీసేవారు. మా దగ్గర ఉన్న చీర దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుపు కాదని తెలిసిపోతుంది.

రెండో కారణం చెప్పకుండా వదలలేను. మన సమాజం భర్త పోయిన ఆడవాళ్ళకి రంగులన్నీ తీసేసి తెలుపు మిగిల్చింది. ఆ తెలుపునే తెర మీద దెయ్యానికి కట్టారు. దాంతో తెల్లచీర కట్టుకున్న నిజమైన ఆడవాళ్ళని చూసి పిల్లలు జడుసుకోవడం, ఎదురొస్తే అపశకునం అనుకోవడం ఇంకా బలపడ్డాయి. పిల్లల్ని ఆ చీర దగ్గరికి తీసుకొచ్చినప్పుడు ఈ సంగతి కూడా చెప్పండి. చీర పక్కన కార్డు మీద ఇదే రాశాం.

రక్తం దేంతో చేసేవారు?

నాటకాల్లో కుంకుమ నీళ్ళు, పారాణి సరిపోయేవి. నలుపు-తెలుపు సినిమాలో రంగుతో పనిలేదు, చిక్కదనం ఉంటే చాలు. హిచ్‌కాక్ 1960లో తీసిన సైకోలో స్నానాల గది సీనుకి చాక్లెట్ సిరప్ వాడారు.

విదేశీ దెయ్యాల బల్ల మీద ఏవి తప్పకుండా చూడాలి?

నన్ను అడిగితే తెల్ల మాస్కు. 1978లో వచ్చిన హాలోవీన్ సినిమాకి డబ్బు తక్కువ. అందుకని హంతకుడి ముఖానికి, బజార్లో దొరికే స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్లోని కెప్టెన్ కిర్క్ మాస్కు ఒకటి కొని, కనుబొమలు తీసేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు. అంతే. దాని పక్కన 1931 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడి తల ఉంది. జాక్ పియర్స్ అనే మేకప్ ఆయన బోరిస్ కార్లాఫ్‌కి రోజూ నాలుగు గంటల పాటు ఆ ముఖం అతికేవారు. 1954 నాటి జపాన్ సినిమా గాడ్జిల్లాలోని రాకాసి జంతువు డ్రస్సు ఫొటో కూడా ఉంది, దాదాపు 100 కిలోలున్న ఆ బరువులో మనిషి నడిచాడు. డ్రాక్యులా వేసిన బేలా లుగోసిని 1956లో ఆ వేషం కేప్‌తోనే (భుజాల మీంచి వేలాడే పొడుగు వస్త్రం) సమాధి చేశారు. ఆ సంగతి చదివి చాలామంది కాసేపు అక్కడే నిలబడిపోతారు.

దెయ్యాల ప్రదర్శనలో తోలుబొమ్మలు ఎందుకు పెట్టారు?

మన తాతల తాతలు రాత్రిపూట రాక్షసుణ్ణి మొదట చూసింది అక్కడే కాబట్టి. కాకినాడ దగ్గర మాధవపట్నం ఈ కళకి పేరున్న ఊరు. మేకతోలుని వెలుతురు దూరేంత పల్చగా గీకి, రెండు వైపులా రంగులు వేసి, చేతులకీ మోకాళ్ళకీ కీళ్ళు పెడతారు. తెల్ల తెర వెనక దీపం పెట్టి, బొమ్మని తెరకి ఆనిస్తే రంగు స్పష్టంగా కనిపిస్తుంది. కాస్త వెనక్కి లాగితే నీడ పెద్దదై మసకబారుతుంది. రావణుడు ఎదుగుతున్నట్టు ఉంటుంది. సినిమా కెమెరా చేసిన పని ఒక మనిషి మోచెయ్యి చేసింది. మా దగ్గర ఒక బొమ్మ వెనక చిన్న దీపం పెట్టాం, మీట నొక్కి వెలిగించి చూడవచ్చు.

కోడి రామకృష్ణ గారు మన ఊరాయనే కదా, అరుంధతి వేషాలు పెట్టలేదేం?

ఆ సినిమా వేషాలు మా దగ్గర లేవు. ఆయన గురించి ఒక గోడ మొత్తం ఉంది. 1995లో అమ్మోరు, 2009లో అరుంధతి. అరుంధతిలో విలన్ పశుపతి గురించి పిల్లలు ఎక్కువగా అడిగేది ఆ గొంతు. తెర మీద సోనూ సూద్ కనిపిస్తారు, వినిపించేది రవిశంకర్ గారి గొంతు. వేషం అంటే బట్ట, రంగు, గొంతు మూడూ అని ఆ గోడ దగ్గర చెబుతుంటాం.

మేమూ వేషం వేసుకుని ఫొటో దిగవచ్చా?

చివరి గదిలో కొత్తగా కుట్టించిన అంగీలు, కిరీటాలు, గదలు ఉన్నాయి. హాయిగా వేసుకోండి. గడ్డం, మీసం మాత్రం కొక్కెంతో చెవులకి తగిలించుకునేవే ఇస్తాం. గమ్ కొందరి చర్మానికి పడదు.

## ఇంటికి వెళ్ళాక

మా పాప రాత్రి నిద్రపోవడం లేదండి, ఏం చెయ్యాలి?

దీపం వేసి పడుకోబెట్టండి, పక్కన ఉండండి. పగలు కూర్చోబెట్టి, పాపని భయపెట్టిన వస్తువు దేంతో చేశారో తన నోటితోనే చెప్పించండి. అట్ట, గుడ్డ, రంగు అని మాటల్లో పెట్టేసరికి చాలామంది పిల్లలకి భయం తగ్గుతుంది. నల్ల కాగితం మీద తెల్ల సుద్దతో ఎముకలు గీయించండి. అన్నం తినకపోతే ఆ మాంత్రికుడికి ఇచ్చేస్తానని మాత్రం దయచేసి అనకండి. కుదిరితే ఒక పగటిపూట మళ్ళీ తీసుకురండి, అంగీ వెనకవైపు చూపిస్తాను.

మా తాతగారి నాటకాల పెట్టె అటక మీద ఉంది. యముడి డ్రస్సు, మాంత్రికుడి డ్రస్సు ఉన్నాయనుకుంటా. ఏం చెయ్యమంటారు?

ముందు దాన్ని పాతసామాన్ల వాడికి వెయ్యకండి. వరదలప్పుడు అటక మీద ఉండటమే మంచిదైంది, కానీ పెంకుల కింద వేడికి బట్ట ఎండిపోతుంది. ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదిలోకి దించండి.

ఉతక్కండి. జరీ ఉన్న పాత బట్ట నీళ్ళలో పడితే రంగు దిగి జరీ పట్టు తప్పుతుంది. ఎండలో ఆరెయ్యకండి. చలికాలంలో గాలి పొడిగా ఉన్న రోజు చూసుకుని, నీడపట్టున, చాప మీద దుప్పటి పరిచి, పగలంతా గాలి తగలనివ్వండి. మెత్తటి కుంచెతో దుమ్ము మెల్లిగా తియ్యండి. మడతలు అవే గీతల మీద పడితే అక్కడే చిరుగుతుంది, కాబట్టి మడత మార్చండి. గంజి పెట్టని పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. గంజి ఉన్న బట్టనే పురుగు ముందు వెతుక్కుంటూ వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బిగించకండి, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కలరా ఉండలు పెడితే గుడ్డలో మూటకట్టి పెట్టె మూలన ఉంచండి, జరీకి తగలకూడదు. ఇనప పెట్టె అయితే తుప్పు బట్టకి అంటకుండా అడుగున మందపాటి గుడ్డ వెయ్యండి.

ఇన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. ఏ నాటకం, ఏ పాత్ర, ఎవరు వేశారు, ఎవరు కుట్టారు, ఏ ఊళ్ళో ఆడారు. తెల్ల కాగితం మీద పెన్సిల్‌తో రాసి బట్టతో పాటే పెట్టండి. పేరు లేని డ్రస్సులు మా దగ్గర చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఉన్నదానికైనా పేరు ఉండాలి.

ఆ పెట్టె మీకు ఇస్తే తిరిగి ఇస్తారా?

ఇస్తాం. ఏమేం తీసుకున్నామో ఫొటోలతో సహా రెండు కాగితాల మీద రాసి, ఒకటి మీకిస్తాం. మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్ళవచ్చు. అసలు ఇవ్వకుండా చూపించాలనుకున్నా పర్వాలేదు, కబురు చేస్తే మేమే మీ ఇంటికి వచ్చి ఫొటోలు తీసి, వివరాలు రాసుకుంటాం. ఒక్క జత కోరలున్నా, ఒక్క చిరిగిన విగ్గున్నా కబురు చెయ్యండి.